తలకాయలు లేని పత్తి పుస్తకం

ఆ మధ్య నాకు శాలువ కప్పిండ్రు. స్టేజీ మీదికి పిలిచి, మైకుల పేరు చెప్పి, ఊరోళ్లందరి ముంగట కప్పిండ్రు. మంచి పని చేసినందుకు అనుకుంటాన్రా? కాదు. నలభై మంది తలకాయలు కోసినందుకు. ఆగుండ్రి, చాయ్ తాగుకుంట వినుండ్రి, మొదటికెల్లి చెప్త.

నా పని మీకెరుకే. హన్మకొండ చౌరస్తా కాడి సందుల నా డిజైన్ షాపు. పెండ్లి కార్డులు, పండుగ ఫ్లెక్సీలు, బర్త్‌డే బ్యానర్లు, ఏండ్ల సంది ఇదే పని. గిరాకి మంచిగనే ఉంటది గని, ఫ్లెక్సీ పనిల తృప్తి ఉండది. ఇయ్యాల కడితే వారానికి ఎండకు రంగు పోతది. ఇంకో వారానికి ఎవలో ఊడవీక్కపోయి బర్ల కొట్టం మీద కప్పుతరు. మనం గంట సేపు కూసోని తెల్లగ చేసిన లీడర్ మొఖం మీద కాకి కూసుంటది.

అందుకే నాకు ఒక్క పుస్తకమన్న చెయ్యాలెనని మస్తు కోరిక. పుస్తకం ఇంట్ల ఉంటది, పిల్లలు చూస్తరు. ఎనక పేజీల చిన్న అక్షరాలల్ల 'డిజైన్: మంజుల' అని ఉంటది. పుస్తకాలకు పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటది. మధ్యాహ్నం గిరాకి లేనప్పుడు వీడియోలు పెట్టుకోని అది నేర్చుకున్న. మా ఆయన శ్రీను హసన్‌పర్తి దిక్కు ఒక కాలేజీల ల్యాబ్ చూస్తడు. "ఉన్న పనికే టైమ్ సాల్తలేదు, మళ్ల ఇదెందుకు?" అన్నడు. "చూస్తా ఉండు, నా పుస్తకం వస్తది" అన్న.

నిజంగనే వచ్చింది. తొర్రూరు దిక్కు ఒక ఊర్ల పత్తి రైతులు సంఘం పెట్టుకున్నరు. ఆ సంఘానికి పెద్ద కొమురమ్మక్క. యాభై ఏండ్లుంటయ్, గట్టి మనిషి, ఫోన్ల మాట్లాడినా పక్క షాపుదాక ఇనవడ్తది. ఒకరోజు నా షాపుకొచ్చి కూసున్నది.

"మా సంఘం మీటింగ్‌కు ఒక బుక్కు కావాలె బిడ్డా. పేజీకొక్క రైతు. ఆయన ఫోటో, కింద పేరు, ఎంత భూమి, ఏ ఇత్తనం వెట్టిండు, గంతే. నువ్వు చేస్తవా, పెద్ద ఊరికి పోవాల్నా?"

"నేనే చేస్త అక్కా. ఫోటోలు గూడ నేనే తీస్త" అన్న.

పత్తి ఏరే దినాలల్ల కెమెరా పట్టుకోని ఆ ఊరికి పోయిన. ఒక్కొక్కలను వాళ్ల చేనుల్నే నిలవెట్టి, దోసిట్ల పత్తి పట్టుకోమని ఫోటో తీసిన. మొఖం మీద ఎండ, చేతులల్ల తెల్లటి పత్తి. ఒక్కొక్క ఫోటో చూసుకుంటాంటే నాకే ముద్దొచ్చింది. అందరిల సాయిలు తాత వేరే. ఫోటో అని తెలువంగనే 'రేపు రా బిడ్డా' అన్నడు. తెల్లారి పోతే గడ్డం గీకిచ్చుకున్నడు, మీసాలకు నల్ల రంగు ఏసుకున్నడు. రుమాలు మూడు మాట్ల కట్టి విప్పి కట్టిండు. "ఇంతవరకు ఆధార్ కార్డు ఫోటోనే దిగిన. దాంట్ల దొంగ లెక్క ఉన్న. గీ బుక్కుల మంచిగ రావాలె" అన్నడు. "హీరో లెక్క వస్తవ్ తాతా" అన్న. ఆ మాట యాదుంచుకోండ్రి, నాకు మాత్రం ఇప్పటికీ చెవులల్ల మోగుతాంది.

ఇగ పేజీలు పేర్చుడు షురూ చేసిన. జర ఈ ఫ్రేమ్ సంగతి చెప్పాలె, లేకుంటే మీకు సమజ్ కాదు. ఆ సాఫ్ట్‌వేర్ల ఫోటోను ఉత్తగ పేజీ మీద పెట్టం. ముందు ఒక డబ్బ గీస్తం, దాన్నే ఫ్రేమ్ అంటరు. అది కిటికి లెక్క. ఫోటో ఆ కిటికి ఎనక నిలవడ్డ మనిషి. కిటికి చిన్నగ చేస్తే మనిషి చిన్నగ కాడు, ఆయనల కొంత మనకు కనవడకుంట పోతది. కిటికి మొత్తం నిండేటట్టు ఫోటోను అదే సర్దుకునే పద్ధతి ఒకటుంటది. దానికి నువ్వొక్కటే చెప్పాలె, ఎక్కువైన భాగాన్ని ఏ దిక్కుకెల్లి కొయ్యాలెనో.

నేను మొదట ఏం చెప్పలే. చూస్తే అందరి చేతులల్ల పత్తి సగం తెగింది. పత్తి రైతుల పుస్తకంల పత్తి లేకుంటే ఎట్ల? అందుకని ఫ్రేములన్నిటికి ఒక్కటే ఆర్డర్ ఇచ్చిన. కింద పట్టుకో, కోసేదుంటే మీదికెల్లి కొయ్యి అని. నిలువు పేజీలు, నిలువు ఫ్రేములు. మీదికెల్లి కోస్తే తెగేది ఆకాశమే. ఆకాశం పోతే ఎవలు అడుగుతరు? ఎంత మంచిగ కుదిరిందంటే, శ్రీనును పిలిచి ఒక్కొక్క పేజీ తిప్పి చూపెట్టిన. ఆయన గూడ "బాగున్నయే" అన్నడు. పెండ్లయినకాడికెల్లి మా ఆయన నోటికెల్లి నా పని గురించి ఆ మాట ఇన్నది గప్పుడే.

అంత అయిపోయినంక కొమురమ్మక్క ఫోన్ చేసింది.

"బిడ్డా, గీ నిలువు బుక్కు సంచిల వెట్టుకుంటే వంగుతదట. అడ్డం బుక్కు చెయ్యి. పాస్‌బుక్కు లెక్క పొట్టిగ, అడ్డంగ ఉండాలె. మీటింగ్ ఐతారం ఉన్నది, జల్దీ కానియ్యి."

వేరేటోళ్లయితే పరేషాన్ అయ్యేటోళ్లు. నేను గాలే. ఎందుకంటే పేజీ సైజు మారిస్తే ఫోటోలు, అక్షరాలు అన్ని దానంతటదే సర్దుకునే ఏర్పాటు గూడ ఆ సాఫ్ట్‌వేర్ల ఉంటదని వీడియోల చూసిన. నిలువును అడ్డం చేసిన. బటన్ నొక్కిన. రెప్పపాటుల పుస్తకం మొత్తం కొత్త సైజుకు వచ్చింది. నాకు ఖుషీ ఎంత అయిందంటే, కుర్చీల ఒక సుట్టు తిరిగిన. కవర్ చూసిన, సంఘపోళ్లందరు చెట్టు కింద నిలవడ్డ ఫోటో, అది వేరేగ పెట్టింది కాబట్టి బరాబర్ ఉన్నది. పేర్లు చూసిన, ఎక్కడా తప్పు లేదు. అక్షరాలు ఒక్కొక్కటి చదివిన. ఫోటోలను చూడలే. అవి నేనే తీసిన ఫోటోలాయె, నాకెరుకే గదా.

వరంగల్ల మేం ప్రింటుకిచ్చే ప్రెస్ సత్తెన్నది. పెద్ద మనిషి, మాటలు తక్కువ. ఫైలు పంపినంక ఫోన్ చేసిండు, ప్రూఫ్ గురించి, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే కాపీ.

"మంజులా, ఒకపారి ప్రూఫ్ తీసి పంపాల్నా? వచ్చి చూసుకుంటవా?"

"అవసరం లేదన్నా. నా పని మీద నాకు నమ్మకమున్నది. ఏసెయ్యి."

"ఒకపారి చూస్తే మంచిగుంటదేమో."

"ఏం ఫికర్ లేదన్నా. కట్టలు నా షాపుకు గూడ వద్దు, సీద ఆ ఊరికే పంపు."

నా అంత పొగరు గల్ల మాట ఇంకోటి ఉంటదా చెప్పుండ్రి.

ఐతారం పొద్దున శ్రీను, నేను బండి మీద బయలెల్లినం. నేను పట్టుచీర కట్టుకున్న. నా మొదటి పుస్తకం బయటికొస్తాంది, కట్టుకోనా? ఊర్ల స్కూల్ ముంగట షామియానా ఏసిండ్రు. వ్యవసాయ ఆఫీసర్ సార్ వచ్చి స్టేజీ మీద కూసున్నడు. రైతులందరు ఇంటిల్లిపాది వచ్చిండ్రు. కొమురమ్మక్క నన్ను చూసి, "రా బిడ్డా, కట్ట నువ్వే విప్పు, నీ చేతి మీదనే కావాలె" అన్నది.

తాడు కోసి ఒక బుక్కు తీసిన. కవర్ చూస్తే కడుపు నిండింది. మంచి కాగితం, మంచి రంగు. మొదటి పేజీ తిప్పిన.

ఒక మనిషి. గదువ కాడికెల్లి కింద ఉన్నడు. మీద లేడు.

ప్రింటుల తప్పు అనుకోని ఇంకో పేజీ తిప్పిన. ఆమె గూడ మెడ కాడికెల్లి కిందికే ఉన్నది. ఇంకోటి. ఇంకోటి. చొక్కా గుండీలు, చీర కొంగులు, దోసిట్ల పత్తి, కింద పెద్దక్షరాలల్ల పేరు. నలభై పేజీలు, నలభై మంది, ఒక్కలకు గూడ తలకాయ లేదు. గప్పుడు సమజైంది. పేజీ పొట్టిగైంది, కిటికీలన్ని పొట్టిగైనయ్. కోసేదుంటే మీదికెల్లి కొయ్యమని నేనే చెప్పి పెట్టిన. పాపం, అది చెప్పినట్టే కోసింది. ఈపారి మీద ఆకాశం మిగల్లే.

పక్కకు పోయి సత్తెన్నకు ఫోన్ చేసిన.

"అన్నా, తలకాయలు లెవ్వు గదన్నా."

"నాకు గూడ కనవడ్డది. అందుకే ప్రూఫ్ చూస్తవా అన్న. నమ్మకమున్నది అన్నవు. ఇప్పటి డిజైన్లు గిట్లనే ఉంటయేమో అనుకున్న."

ఫోన్ పెట్టేసిన. మళ్ల వచ్చి చూసేటాళ్లకు కొమురమ్మక్క కట్టలు విప్పి బుక్కులు పంచుడు షురూ చేసింది. ఆపుదామని ఉరికిన గని, అప్పటికే అందరి చేతులకు పోయినయ్. కాగితాలు తిప్పే సప్పుడు తప్ప ఏం లేదు. శ్రీను నా దిక్కు చూస్తాండు, నేను భూమి దిక్కు చూస్తాన్న. నా ఇజ్జత్ మొత్తం ఆ కట్టలల్ల మూటగట్టి నేనే ఊరికి పంపిన.

గప్పుడు ముంగటి వరుసల ఒక ముసలవ్వ అన్నది, "గిది మా రాజవ్వ చెయ్యే. గా గాజు నా దగ్గర తక్కువ ధరకు కొని నన్ను మోసం చేసింది గదా, గదే గాజు."

ఒకలు నవ్విండ్రు. ఎనక వరుసల ఇంకొకలు, "పేరు మీద ఏలు పెట్టి అడుగు, ఎవలిదో నేను చెప్త" అన్నడు. గంతే. ఇగ మొత్తం షామియానా అదే ఆట. పేరు మీద బొటనేలు పెట్టుడు, చెయ్యి చూసి ఎవలో చెప్పుడు. కొడవలికి తెగి వంకర పోయిన ఏలు చూసి ఒకలను పట్టిండ్రు. పచ్చబొట్టు చూసి ఒకలను పట్టిండ్రు. ఒకాయన గడియారం ఆగిపోయి ఏడాది అయిందట, పెట్టుకునుడు మాత్రం మానలేదట, అది చూసి అందరు ఒక్కపారే పేరు చెప్పిండ్రు. ఒకామె తన భర్త పేజీ గుర్తువట్టలే. "ఇన్నేండ్లు నా చేతి అన్నం తిన్నవు, నా చెయ్యి గుర్తువడ్తలేదా?" అని ఆయన అంటే, "అన్నం వండేది నేను, నా చెయ్యి నువ్వు గుర్తువట్టు" అన్నది ఆమె. ఇగ నవ్వులే నవ్వులు.

తలెత్తి ఒకపారి చుట్టూ చూసిన. అందరు నవ్వుతాన్రు. ఒక్క సాయిలు తాత నవ్వుతలేడు. కుర్చీల కూసోని తన పేజీ తెరిచి పట్టుకున్నడు. పేజీల మీసం లేదు, రుమాలు లేదు. గీకిన గదువ కొస ఒక్కటి కనవడ్తాంది. నిమ్మళంగ బుక్కు మూసి ఒళ్లె పెట్టుకున్నడు.

గప్పుడే ఆఫీసర్ సార్ మైకు తీసుకున్నడు. కుర్రవయసు, మంచిగ మాట్లాడుతడు. "మనం రోజూ పెద్దోళ్ల మొఖాలు చూస్తం. గోడల మీద అవే, ఫ్లెక్సీల మీద అవే. పంట తీసే చేతులను ఎవరన్నా ఫోటో తీస్తరా? ఈ పుస్తకం చేసిన మేడం ఆ పని చేసిండ్రు. మొఖాలు పక్కకు పెట్టి చేతులకు గౌరవం ఇచ్చిండ్రు. ఎంత గొప్ప ఆలోచన" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. నన్ను స్టేజీ మీదికి పిలిచిండ్రు. కొమురమ్మక్క శాలువ కప్పింది. కప్పుకుంట నా చెవుల అడిగింది, "నిజంగ గిట్లనే అనుకోని చేసినవా బిడ్డా?"

అంతల్నే సార్ మైకు నా చేతిలపెట్టిండు, రెండు మాటలు చెప్పమని.

నిజం చెప్త, ఒక్క క్షణం నాకు ఆశ వుట్టింది. 'అవును, చేతులే దేవుళ్లు' అని చెప్పి దిగొచ్చు. ఎవలకు తెలుస్తది? గని ఎదురుంగ తాత ఒళ్లె ఆ మూసిన బుక్కు కనవడ్తాంది.

"సార్ మస్తు మంచిగ చెప్పిండు. నేను గూడ సార్ చెప్పినంకనే విన్న" అన్న. "ఇది ఆలోచన కాదు, తప్పు. నిలువు పేజీ అడ్డం చేసేటప్పుడు ఫోటోల ఫ్రేములు పొట్టిగైనయ్. తలకాయలన్ని కిటికి అవుతలికి పోయినయ్. నేను చూసుకోలే. ప్రెస్ అన్న చూసుకొమ్మన్నా చూసుకోలే. మీ మొఖాలు నా దగ్గర భద్రంగున్నయ్. మళ్ల అచ్చేసి ఇస్త. మాఫ్ చెయ్యుండ్రి."

సార్ మొఖం ఎర్రగైంది. ఆయన స్పీచ్ మొత్తం నా ఫ్రేమ్ లెక్కనే పొట్టిగైంది. గప్పుడు కొమురమ్మక్క నా చేతిలకెల్లి మైకు గుంజుకున్నది.

"మళ్ల అచ్చేసుడు వద్దు. గీ బుక్కు నాకు నచ్చింది. నా ఏళ్లకు పత్తికాయ గీసుకపోయిన గీతలు గిట్ల ఉంటయని నేనే ఇన్నేండ్లు చూడలే. బుక్కు గిట్లనే ఉంటది. గని బిడ్డా, తలకాయలు గూడ మాయే. వాటిని ఒక కాగితం మీద ఏసి తెచ్చియ్యి, బుక్కుల పెట్టుకుంటం. మరి శాలువ తీసుకోవాల్నా సార్?"

సార్ గూడ నవ్విండు. "ఉండనియ్యండి అక్కా, నిజం చెప్పినందుకు అనుకుందాం" అన్నడు.

స్టేజీ దిగి సీద సాయిలు తాత కాడికి పోయిన. "తాతా, వారం టైమియ్యి" అన్న. "హీరో అన్నవు గద బిడ్డా" అన్నడు. కొట్టినా గంత నొప్పి అయ్యేది కాదు.

ఆ వారం నేను ఇంకో పని ముట్టలే. పెద్ద కాగితం మీద అందరి మొఖాలు పేర్చిన. ఒక్క ఫ్రేమును గూడ దానంతటది సర్దుకోనియ్యలే. ఒక్కొక్క ఫోటోను లోపల పట్టుకోని నా చేతితోని జరిపిన. రుమాలు కొస తెగద్దు, కొప్పుల పువ్వు తెగద్దు, చెవుల కమ్మ తెగద్దు. శ్రీనును పక్కన కూసోవెట్టుకోని, "తలకాయలున్నయా లెక్కవెట్టు" అన్న. ఆయన బొమ్మ మీద ఏలు పెట్టి లెక్కవెట్టిండు. సత్తెన్న ప్రెస్‌కు నేనే పోయి, మిషన్ పక్కన నిలవడి, మొదటి కాగితం తడి ఆరకముందే పట్టుకోని చూసిన. "గిప్పుడు నమ్మకం లేదా?" అన్నడు సత్తెన్న. "నమ్మకమున్నది అన్నా, అందుకే చూస్తాన్న" అన్న.

మొదటి కాగితం సాయిలు తాత ఇంటికే తీసుకపోయిన. ఆయన కండ్లద్దాలు తుడుసుకోని, కాగితం ఎలుతురుకు పట్టుకోని, శానసేపు చూసిండు. ఆఖరుకు, "మీసం కుదిరింది" అన్నడు. అటెంక బుక్కు తెచ్చి, తన పేజీ తెరిచి, కాగితం దాని మీద పెట్టి, మొఖం కింద చేతులు వచ్చేటట్టు జరిపి చూసుకున్నడు. ఇంటామెను పిలిచి చూపెట్టిండు. "చూడు, తలకాయ ఒక దిక్కు, మొండెం ఒక దిక్కు. నువ్వు రోజూ తిట్టేటట్టే ఉన్న" అన్నడు. ఆమె నవ్వితే నేను నవ్విన.

నిజంగ చెప్తాన్న, ఎన్ని ఫ్లెక్సీలు చేసినా నాకు గంత గర్వం కాలే. ఇప్పుడు ఆ ఊర్ల ఏ ఇంటికి పోయినా టీవీ పక్కన నా బుక్కు ఉంటది. చుట్టాలొస్తే పేరు మీద ఏలు పెట్టి చేతులాట ఆడుతాన్రట. ఎనక పేజీల నా పేరు ఉన్నది. దాని మీద మాత్రం ఎవలు ఏలు పెడ్తలేరు, అడిగి తెలుసుకున్న.

కథ అయిపోయింది అనుకున్న. మొన్న హన్మకొండ బజార్ల గాజుల దుకాణపాయన నా షాపుకొచ్చిండు. ఆయన బామ్మర్ది ఆ ఊరి రైతేనట. చేతిల నా బుక్కు పట్టుకోని కూసున్నడు.

"మాకు గిట్లనే కావాలె మేడం. గాజుల కేటలాగు. మొఖాలు వద్దు, చేతులే. మస్తు మందిని అడిగిన, ఎవలకు ఇట్ల చేతనైతలేదు. మీ చెయ్యే ఉండాలె."

నేను కుర్చీల జర నిటారుగ కూసున్న. చాయ్ తెప్పిచ్చిన. సగం తాగినంక ఆయన బుక్కు తిప్పుకుంట అడిగిండు, "నిజం చెప్పుండ్రి, ఇసొంటి ఐడియా మీకు ఎట్ల వచ్చింది?"

"ఏం లేదన్నా" అన్న, "ప్రూఫ్ చూడకుంటే అదే వస్తది."